విశ్వాసము, అవిశ్వాసము, వాని నిత్యఫలములు: యోహాను సువార్త మూడవ అధ్యాయముపై నొక పాఠము

వేదపాఠపు గంట తక్కిన గంటలవంటిది కాదు. గణితమందు వలె ఉత్తరమును వెనుక పుటలో సరిచూచుకొనుటకు వీలు లేదు. వ్యాకరణమందు వలె సూత్రము వల్లించిన చాలదు. అయినను విద్యార్థు లడుగు ప్రశ్నలలో మిక్కిలి బరువైనవి ఆ గంటయందే పుట్టుచుండును. వానిలో మూడు ప్రశ్నలు ఏటేట మరల మరల వచ్చుచున్నవి. నమ్మకపోయినంత మాత్రమున దేవుడు మనుష్యుని శిక్షించునా? అనునది మొదటిది. సద్వర్తనుడైన వాడు క్రీస్తును నమ్మకపోయిన యెడల వాని గతి యేమి? అనునది రెండవది. క్రీస్తు నామమే వినక చనిపోయిన మా తాతముత్తాతల సంగతి యేమి? అనునది మూడవది. ఈ మూడవ ప్రశ్న నడుగు బాలుని కంఠమునందు తర్కముకంటె ప్రేమయే హెచ్చుగా వినబడును. కావున దానికి తేలికగా ఉత్తర మిచ్చుట ఉపాధ్యాయునికి తగదు; ఉత్తర మీయక తప్పించుకొనుటయు తగదు.

ఈ మూడు ప్రశ్నలను చేతబట్టుకొని యోహాను సువార్త మూడవ అధ్యాయమును మనము కలసి పరిశీలింతము. ఈ పత్రికను చదువువారిలో క్రైస్తవులును, హిందువులును, మహమ్మదీయులును కలరు. క్రైస్తవుడు తన వేదమునుబట్టి ఏమి నమ్ముచున్నాడో దానిని దాచక చెప్పుట నా విధి. దానిని తూచి చూచుకొనుట మీ విధి. బైబిలు గ్రంథమును ప్రక్కను తెరచి యుంచుకొని చదువుడు. నేను జెప్పు మాట యచ్చట నున్నదో లేదో చూచుకొనుడు.

1. సందర్భము

ఈ అధ్యాయమునందు యేసు ప్రభువుతో సంభాషించిన వాడు నీకొదేము. ఇతడు పరిసయ్యుడు, యూదుల మహాసభలో సభ్యుడు, ఇశ్రాయేలీయులకు బోధకుడు. ఇతడు రాత్రివేళ వచ్చెను. ఏల రాత్రివేళ వచ్చెనో సువార్తికుడు చెప్పలేదు. తోడివారికి జంకెనేమో, లేక తీరికగా మాటలాడుటకు అదియే తగిన సమయమని యెంచెనేమో. కాని వెలుగును చీకటియు అనునవి ఈ సువార్త యంతట ముఖ్యమైన గురుతులు గనుక, చీకటిలోనుండి వెలుగు నొద్దకు వచ్చిన వానిగా ఇతనిని మనకు చూపుట సువార్తికుని ఉద్దేశమని తలంపవచ్చును.

ప్రభువు ఇతనితో జన్మమునుగూర్చి మాటలాడెను. మూలమందలి గ్రీకు పదము “ఆనోథెన్” అనునది. దానికి “పైనుండి” అనియు, “మరల” అనియు రెండర్థములు గలవు. ప్రభువు పైనుండి కలుగు జన్మమునుగూర్చి చెప్పుచుండగా, నీకొదేము మరల తల్లిగర్భమున జొచ్చుట యెట్లని యడిగెను. బోధకుడే పాఠము తెలియక మొదటి తరగతి బాలునివలె కూర్చుండవలసి వచ్చెను.

ఇచ్చట నొక సంగతి గమనింపుడు. ప్రాచీన వ్రాతప్రతులలో మాటల నారంభించుటకును ముగించుటకును ఉద్ధరణ చిహ్నములు లేవు. కావున ప్రభువు మాట లెచ్చట ముగిసినవో, సువార్తికుని వ్యాఖ్యాన మెచ్చట మొదలైనదో పండితులలో భేదాభిప్రాయము లున్నవి. పదునైదవ వచనముతో ముగిసినవని కొందరును, ఇరువది యొకటవ వచనమువరకు సాగినవని కొందరును చెప్పుదురు. ఎట్లయినను అధ్యాయము యొక్క బోధ ఒక్కటియే.

2. విశ్వాసమన నేమి?

యోహాను సువార్తయందు “పిస్టిస్”, అనగా “విశ్వాసము” అను నామవాచకము ఒక్కమారైనను కనబడదు. “పిస్ట్యువో”, అనగా “విశ్వసించు” అను క్రియ మాత్రము 98 మారులు వచ్చుచున్నది. వ్యాకరణము చదివిన మీకు ఇందలి భావము సులభముగా బోధపడును. విశ్వాసము పెట్టెలో దాచుకొను వస్తువు కాదు. అది మనుష్యుడు చేయు పని, అతడు వేయు అడుగు.

మన భాషలోని మాటయు ఆలోచింప దగినదే. “విశ్వాసము” అను సంస్కృత పదము “శ్వస్” అను ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు ఊపిరి విడుచుట యని యర్థము. భయము తీరి నిశ్చింతగా ఊపిరి విడుచుట విశ్వాసము. మోసపోవుదు నేమోయని బిగబట్టిన ఊపిరిని నమ్మదగిన వాని యెదుట విడిచినప్పుడు మనము విశ్వసించిన వార మగుదుము.

ఒక దృష్టాంతము చెప్పుదును. రైతు విత్తనపు వడ్లను గాదెలో దాచియుంచును. వర్షాకాలము వచ్చునప్పటికి ఇంట తిండిగింజలు తరిగిపోవును. బిడ్డలు ఆకలిగొందురు. అయినను అతడా విత్తనములను దంపింపక, తీసికొని పోయి బురదలో చల్లును. వడ్లు మొలచునని యెరుగుట జ్ఞానము. వడ్లు మొలచునని ఒప్పుకొనుట సమ్మతి. ఉన్న గింజలను చేతులార మన్నుపాలు చేయుట విశ్వాసము. మొదటి రెండును గాదె ప్రక్కను కూర్చున్న వానికిని ఉండవచ్చును. మూడవది పొలములోనికి దిగిన వానికే యుండును. దేవు డొక్కడని దయ్యములును నమ్మి వణకుచున్నవని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయము 19వ వచనమున చెప్పినది ఈ భేదమును చూపుటకే.

3. ఇత్తడి సర్పము

పదునాలుగవ వచనమున ప్రభువు పాత నిబంధన చరిత్ర నొకదానిని జ్ఞాపకము చేసెను. అది సంఖ్యాకాండము 21వ అధ్యాయమున నున్నది. ఇశ్రాయేలీయులు ఎదోము దేశమును చుట్టి పోవుచు, మార్గాయాసముచేత దేవునికిని మోషేకును విరోధముగా సణిగిరి. విషసర్పములు వారిని కరచెను, అనేకులు చనిపోయిరి. ప్రజలు తమ తప్పొప్పుకొనగా మోషే ప్రార్థించెను. దేవుని యాజ్ఞచొప్పున అతడొక ఇత్తడి సర్పమును చేయించి స్తంభముమీద నెత్తెను. కరవబడిన వారిలో దానివైపు చూచిన వారు బ్రదికిరి.

మొదటి ప్రశ్నకు ఉత్తర మిచ్చటనే యున్నది. చూడనివాడు దేనిచేత చచ్చెను? చూడకపోవుట యను నేరమునకు దేవుడు క్రొత్తగా విధించిన శిక్షచేత కాదు; అంతకుముందే దేహములో నెక్కిన విషముచేత. స్తంభము నెత్తుటకు ముందు కాటు పడినది, విషము వ్యాపించుచున్నది, మరణము సమీపించినది. స్తంభము శిక్షకొరకు కాదు, రక్షణకొరకు నెత్తబడినది. క్రైస్తవబోధ యీలాగుననే యున్నది. నమ్మనివానికి తీర్పు ఇదివరకే యైనదని పదునెనిమిదవ వచనము చెప్పుచున్నది. లోకమునకు తీర్పు తీర్చుటకు గాక రక్షించుటకే కుమారుడు పంపబడెనని దానికి పైవచనము చెప్పుచున్నది. రోగముచేత మంచమెక్కిన వాడు వైద్యుని తిరస్కరించి చనిపోయిన యెడల, వైద్యు డతనిని చంపెనని యెవ్వరు ననరు.

ఆ సర్పము యొక్క అనంతర చరిత్రయు తెలిసికొన దగినది. కొన్ని శతాబ్దములు గడచిన పిమ్మట ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయ మొదలుపెట్టిరి. క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దాంతమున యూదా నేలిన హిజ్కియా రాజు దానిని ఛిన్నాభిన్నము చేసెను. దానికి నెహుష్టాను అని పేరు. ఈ సంగతి రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయము 4వ వచనమున కలదు. వస్తువునందు శక్తి లేదు. ఆ వస్తువును చూడుమని చెప్పిన దేవునియందే శక్తి కలదు. జ్వరము వచ్చిన బిడ్డ తలక్రింద బైబిలు నుంచుటయే గాని దానిని తెరచి చదువుట యెరుగని క్రైస్తవ గృహములు లేకపోలేదు. అట్టి గృహములలో వేదగ్రంథమే నెహుష్టాను కాకుండ మనము జాగ్రత్తపడవలెను.

4. అవిశ్వాసపు మూడు రూపములు

“అవిశ్వాసము” అను ఒక్క పేరితో మనము మూడు వేర్వేరు స్థితులను పిలుచుచున్నాము. వానిని కలిపివేయుటవలన అనేకులు అకారణముగా భయపడుచున్నారు. మరి యనేకులు అకారణముగా ధైర్యముగా నున్నారు.

మొదటిది సందేహము. తోమా గాయముల చూడనిదే నమ్మననెను. ప్రభు వతనిని వెలివేయలేదు. ఎనిమిది దినములైన పిమ్మట వచ్చి చేయి చాచుమనెను. చెరసాలలోనున్న బాప్తిస్మమిచ్చు యోహాను సయితము, రావలసినవాడవు నీవేనా యని అడిగి పంపించెను. మూర్ఛరోగియైన కుమారుని తండ్రి నమ్మకమును అపనమ్మకమును ఒక్క శ్వాసలోనే యొప్పుకొని సహాయ మడిగెను. ఆ సహాయ మతనికి కలిగెను. ప్రశ్న నడుగువాడు ఇంకను గురువు ఎదుటనే నిలిచియున్నాడు. కావున సందేహించు విద్యార్థిని కసరుకొనుట క్రీస్తు పద్ధతి కాదు.

రెండవది తెలియమి. సంఘమును హింసించిన పౌలు, తాను తెలియక అవిశ్వాసమువలన చేసితిననియు, కనుకనే కనికరింపబడితిననియు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమున చెప్పుకొనెను. తెలియనివాని లెక్క వేరు, తెలిసినవాని లెక్క వేరు.

మూడవది నిరాకరణము. ఈ మూడవ అధ్యాయము ముప్పదియారవ వచనమున విశ్వసించుటకు ఎదురుమాటగా “అపెయిథేయో” అను గ్రీకు క్రియ వాడబడినది. దానికి లోబడకుండుట, ఒప్పింపబడ నిరాకరించుట యని యర్థము. వెలుగు కనబడినను కన్నులు మూసికొనుట ఈ నిరాకరణము. తొమ్మిదవ అధ్యాయమందలి పరిసయ్యులు పుట్టు గ్రుడ్డివాడు చూపు పొందుట యెరిగియు, అతనిని వెలివేసిరి. తాము గ్రుడ్డివారైనయెడల పాపము లేకపోవునని ప్రభువు వారితో చెప్పెను. చూచుచున్నామని చెప్పుకొనుటవలననే వారి పాపము నిలిచెను.

నిత్యనాశనమునుగూర్చిన హెచ్చరికలు ముఖ్యముగా ఈ మూడవ రూపము నుద్దేశించినవి. అయితే సందేహమును తెలియమియు ఎల్లకాలము అట్లే యుండవు. సందేహించువాడు విచారించుట మానిన దినమున, తెలియనివాడు తెలిసికొనుటకు కలిగిన అవకాశమును త్రోసివేసిన దినమున, వా రుభయులును మూడవ త్రోవలో కాలు పెట్టినవా రగుదురు.

5. తీర్పు అను మాట

పందొమ్మిదవ వచనమందలి “తీర్పు” అను మాటకు మూలము “క్రిసిస్” అను గ్రీకు పదము. అది వేరుపరచు, నిర్ణయించు అను నర్థములుగల “క్రీనో” అను క్రియనుండి కలిగినది. వెలుగు లోకములోనికి వచ్చినది. దాని రాకయే మనుష్యులను వేరుపరచుచున్నది. చీకటియింట దీపము వెలిగించి చూడుడు. ఒకడు దీపము నొద్దకు వచ్చును. ఒకడు మొగము దాచుకొనును. దీపము వారి ముఖములను చేయలేదు. ఉన్న ముఖములను చూపినది.

విద్యార్థులగు మీకు మరియొక రీతిగా చెప్పుదును. వేసవిలో పరీక్షాఫలితములు ప్రచురింపబడును. ఆ కాగితము ఎవ్వనిని తెలివిగలవానిగా గాని తెలివిలేనివానిగా గాని చేయదు. సంవత్సర మంతయు ప్రతి సాయంకాలమును ఒక్కొక్కడు చేసికొన్నదానినే అది బయలుపరచును. నిత్యఫలములును అట్టివే. అంత్యదినమున పలుకబడు తీర్పును మనుష్యుడు నేడే తన హృదయములో వ్రాసికొనుచున్నాడు. అయితే ఈ యుపమానమునకు ఒక హద్దు కలదు: పరీక్షలో మార్కులు మన పరిశ్రమకు ప్రతిఫలము, నిత్యజీవము దేవుని ఉచిత వరము. విశ్వాసము దానిని కొనుటకు చెల్లించు వెల కాదు. దానిని పుచ్చుకొనుటకు చాచిన చేయి.

రెండవ ప్రశ్న యిచ్చటికి చెందును. సద్వర్తనుని గతి యేమి? క్రొత్తగా జన్మింపవలె నను మాట ప్రభువు ఎవనితో చెప్పెనో చూడుడు. త్రాగుబోతుతో గాని దొంగతో గాని కాదు. ఊరిలో నెల్లరు గౌరవించు నీకొదేముతో చెప్పెను. కాబట్టి సద్వర్తనము జన్మమునకు బదులు నిలువజాలదు. అట్లని దేవుడు సద్వర్తనమును తృణీకరింపడు. అపొస్తలుల కార్యములు పదియవ అధ్యాయమున కొర్నేలి యను రోమా శతాధిపతి చరిత్ర కలదు. అతడు సువార్త వినకమునుపే అతని ప్రార్థనలును ధర్మకార్యములును దేవుని సన్నిధికి చేరెను. దేవు డతనిని అచ్చటనే విడువక, పేతురును అతని యింటికి పంపించెను. సత్యవర్తనుడు వెలుగు నొద్దకు వచ్చునని యిరువది యొకటవ వచనమున నున్నది. మంచితనము వెలుగు వైపు నడిపించిన యెడల అది మనుష్యునికి మిత్రము. నాకు వెలుగుతో పని లేదని చెప్పించిన యెడల ఆ మంచితనమే అతనికి తెర యగును.

6. నిత్యము, నరకము అను మాటలు

“నిత్య” అని తెలుగు చేయబడిన గ్రీకు పదము “ఐయోనియోస్”. అది యుగమను నర్థముగల “ఐయోన్” అను పదమునుండి వచ్చినది. యోహాను సువార్తలో నిత్యజీవము కేవలము ఎన్నటికిని ముగియని కాలము కాదు. దేవుని ఎరుగుటయే నిత్యజీవమని పదునేడవ అధ్యాయము మూడవ వచనము చెప్పుచున్నది. అందుచేతనే విశ్వసించువాడు దానిని ఇప్పుడే కలిగియున్నాడని వర్తమాన కాలములో చెప్పబడినది. దీనికి ఎదురుగా నున్న నాశనమును ఇప్పుడే మొదలగును: దేవునికి దూరముగా బ్రదుకుటయే దాని ప్రారంభము.

“నరకము” అని మన గ్రంథములలో నున్న మాటకు మూలము “గెహెన్నా”. యెరూషలేమునకు దక్షిణమున నున్న హిన్నోము లోయనుబట్టి ఆ పేరు వచ్చినది. ఆ లోయలో పూర్వము కొందరు తమ బిడ్డలను అగ్నిలో బలి యిచ్చిరి. యోషీయా రాజు ఆ స్థలమును అపవిత్రపరచెను. యిర్మీయా ప్రవక్త దానిపై తీర్పు ప్రకటించెను. ప్రభువు కాలమున నగరపు చెత్త అచ్చట నిత్యము కాలుచుండె నను మాటను ప్రసంగములలో తరచుగా వినుచున్నాము. అయితే ఆ మాటకు మొదటి శతాబ్దమందలి సాక్ష్యము లేదు, క్రీ. శ. 1200 ప్రాంతమున దావీదు కిమ్హి యను యూద వ్యాఖ్యాత వ్రాతలో అది కనబడుచున్నది. బిడ్డలను అగ్నిపాలు చేసిన మనుష్యుల క్రూరత్వమును, దానిని సహింపని దేవుని తీర్పును ఆ పేరు జ్ఞప్తికి తెచ్చుచున్నది. ఆ పేరు భయంకరమగుటకు అదియే చాలును.

ఆ శిక్ష యెట్టిదనుటలో క్రైస్తవ పండితులు మొదటినుండియు ఏకాభిప్రాయులు కారు. మూడవ శతాబ్దమున ఓరిగెను సమస్తమును తుదకు దేవునియందు చక్కబడునని నిరీక్షించెను. అయిదవ శతాబ్దమున అగస్తీను “దేవుని పట్టణము” అను గ్రంథమున దానిని ఖండించెను. మత్తయి 25వ అధ్యాయము 46వ వచనమున జీవమునకును శిక్షకును ఒకే విశేషణ మున్నది గనుక, ఒకటి అంతము లేనిదైన రెండవదియు అంతము లేనిదే యని అతని వాదము. సంఘములలో నధికభాగము అగస్తీను వైపే నిలిచినవి. దుష్టులు తుదకు లేకుండ పోవుదురని చెప్పువారును కొందరు గలరు. ఈ భేదములు ఉన్నను ఒక్క సంగతిలో అందరును ఏకీభవింతురు: ప్రభువు ఈ హెచ్చరికలను ఊరక పలుకలేదు. యెరూషలేమును చూచి కన్నీరు విడిచిన నోటినుండియే ఆ హెచ్చరికలు వచ్చినవి. కన్నీరు లేక నరకమునుగూర్చి మాటలాడువాడు ఆయన మాటలను ఆయన స్వరముతో చెప్పుటలేదు.

7. వినకయే చనిపోయినవారు

ఇక మూడవ ప్రశ్న. ఇందునుగూర్చియు సంఘములు ఒక్క నోట పలుకలేదు. 1646లో ఇంగ్లండునందు సిద్ధపరచబడిన వెస్ట్‌మినిస్టరు విశ్వాస ప్రమాణము మిక్కిలి కఠినముగా చెప్పినది. స్వభావసిద్ధమైన వెలుగు ననుసరించి యెంత శ్రద్ధగా నడచినను, క్రైస్తవ మతము నొప్పుకొననివారు రక్షింపబడరని దాని భావము. 1964లో రోమను కథోలిక సంఘపు రెండవ వాటికను మహాసభ, తమ తప్పు లేకయే సువార్త నెరుగనివారు నిజమనస్సుతో దేవుని వెదకి, మనస్సాక్షి ననుసరించిన యెడల రక్షణ పొందగలరని ప్రకటించినది.

వేదవాక్యములను చూతము. ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలో ధర్మశాస్త్రసారము వ్రాయబడి యున్నదనియు, వారి మనస్సాక్షి సాక్ష్యమిచ్చుననియు రోమీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము చెప్పుచున్నది. యజమానుని చిత్త మెరిగియు చేయని దాసునికి ఎక్కువ దెబ్బలును, ఎరుగక తప్పిన వానికి తక్కువ దెబ్బలును అని లూకా 12వ అధ్యాయమున నున్నది. ప్రభువు అద్భుతములు చూచిన కపెర్నహూముకంటె, చూడని సొదొమకు తీర్పుదినమున ఓర్వదగిన గతి యుండునని మత్తయి 11వ అధ్యాయమున నున్నది. సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయమే చేయునను నమ్మికతోనే అబ్రాహాము సొదొమ కొరకు దేవుని వేడుకొనెను. క్రీస్తు పుట్టుకకు అనేక శతాబ్దముల ముందు చనిపోయిన ఆ అబ్రాహామే విశ్వాసులకు తండ్రి యనబడెను.

వీనినిబట్టి నేను చెప్పగలిగిన దింతే. ఎవరైనను రక్షింపబడిన క్రీస్తువలననే రక్షింపబడుదురు. ఇది క్రైస్తవవిశ్వాసమునకు మూలస్తంభము. ఆ కృప ఎవరికి ఏ మార్గమున చేరెనో తెలిసినవాడు దేవుడు. మీ తాతముత్తాతలను పరలోకమునకు గాని నరకమునకు గాని పంపు అధికారము ఉపాధ్యాయునికి లేదు, బోధకునికి లేదు, మీకును లేదు. తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞ వారి మరణముతో కొట్టివేయబడదు. మిమ్మును పెంచి పెద్దచేసిన వారిని క్రైస్తవులు కారని చులకనగా పలుకుట భక్తి కాదు.

అయితే ప్రభువు ఇట్టి ప్రశ్నలకు చెప్పిన ఉత్తరము యొక్క తీరును గుర్తింపుడు. రక్షణ పొందువారు కొద్దిమందేనా యని లూకా 13వ అధ్యాయమున ఒకడడిగెను. ప్రభువు సంఖ్య చెప్పక, ఇరుకు ద్వారమున ప్రవేశింప పోరాడుడనెను. ఇతని సంగతి యేమి యని పేతురు వేరొక శిష్యునిగూర్చి అడిగినప్పుడు, నీవు నన్ను వెంబడింపుమనెను. వినని వారినిగూర్చి మన మడిగిన ప్రశ్న తిరిగి విన్నవారివైపు, అనగా మనవైపే వచ్చుచున్నది. చేతిలో తెలుగు బైబిలు ఉండి, ప్రతి దినము పాఠము విని, దానిని పరీక్షకు మాత్రమే చదివిన విద్యార్థి కపెర్నహూము పౌరుడు. క్రైస్తవ గృహమున పుట్టి, బాప్తిస్మపు పుస్తకములో పేరు వ్రాయబడుటయే చాలునని నిద్రించువాడును ఆ యూరివాడే. తూర్పునుండియు పడమటినుండియు అనేకులు వచ్చి అబ్రాహాముతో కూర్చుండగా, రాజ్యసంబంధులే వెలుపల త్రోయబడుదురని మత్తయి 8వ అధ్యాయమున చెప్పబడిన మాట మొట్టమొదట మనకొరకే.

8. భయముచేతను లాభముచేతను నమ్మవచ్చునా?

ఫలములు ఇంత గొప్పవైన యెడల, మేలుకొరకు నమ్మివేయుట తెలివి కాదా యని కొందరు తలంతురు. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందు బ్లేజ్ పాస్కలు అను గణితజ్ఞుడు ఉండెను. సంభావ్యతాశాస్త్రమునకు పునాది వేసినవారిలో నతడొకడు. అతని మరణానంతరము 1670లో ప్రచురింపబడిన “పాంసే”, అనగా “తలంపులు” అను గ్రంథమున ఈ వాద మున్నది: దేవుడున్నాడని నమ్మి బ్రదికిన యెడల, ఉన్నచో అనంతలాభము, లేనిచో అల్పనష్టము, నమ్మకున్నచో, ఉన్న యెడల అనంతనష్టము. పందెము వేయక తప్పదు గనుక నమ్మువైపే వేయుట యుక్తము.

ఈ వాదము నిర్లక్ష్యముగా నున్నవానిని మేలుకొలుపుటకు పనికివచ్చును. విశ్వాసమును పుట్టించుటకు చాలదు. ఇది పాస్కలునకును తెలియును. 1654 నవంబరు 23వ తేది రాత్రి అతనికి గొప్ప దైవానుభవము కలిగెను. అతడు దానిని తోలుకాగితముమీద వ్రాసి, తన చొక్కాయి లోపలి గుడ్డలో కుట్టించుకొనెను. 1662లో అతడు చనిపోయిన పిమ్మట సేవకు డొకడు దానిని కనుగొనెను. అందు లెక్కలు లేవు. తత్త్వవేత్తల ఊహలోని దేవునిగాక, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుని కనుగొన్న ఆనందమే యున్నది. పందెము అతనిని వాకిటివరకు తెచ్చెనేమో గాని, లోపలికి పిలిచినది వేరొకరి స్వరము.

కావున ఎవనినైనను బెదిరించి గాని ఆశచూపి గాని నమ్మించుట విశ్వాసము యొక్క స్వభావమునకే విరోధము. పుస్తకములకొరకును భోజనముకొరకును ఒప్పుకొన్న విశ్వాసము అవి ముగియగానే ముగియును. 1950 జనవరి 26వ తేదిన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 25వ అధికరణమున ప్రతి మనుష్యునికిని మనస్సాక్షి స్వాతంత్ర్యమును ఇచ్చినది. యథార్థ క్రైస్తవుడు ఆ స్వాతంత్ర్యమునకు భయపడడు. స్వేచ్ఛగా చూచినవానికే ఇత్తడి సర్పము స్వస్థత నిచ్చెను. ఒకని తల మరియొకడు త్రిప్పజాలడు.

9. నీకొదేము తరువాతి చరిత్ర

మూడవ అధ్యాయమున నీకొదేము ఏమని నిర్ణయించుకొనెనో చెప్పబడలేదు. ఏడవ అధ్యాయమున మహాసభ ప్రభువును పట్టుకొన జూడగా, విచారింపక తీర్పు తీర్చుట న్యాయమా యని అతడొక్క ప్రశ్న వేసెను. తోడివా రతనిని హేళన చేసిరి. పండ్రెండవ అధ్యాయమున, అధికారులలో అనేకులు నమ్మియు, వెలివేయబడుదుమను భయముచేతను, మనుష్యుల మెప్పునందలి ప్రీతిచేతను ఒప్పుకొనలేదని వ్రాయబడినది. పందొమ్మిదవ అధ్యాయమున ప్రభువు సిలువమీద మరణించెను. శిష్యులు చెదరిపోయిరి. ఆయనవలన ఇక లాభమేమియు లేదని లోకము తలంచు గడియలో, నీకొదేము బోళమును అగరును కలిపిన పరిమళద్రవ్యము నూరు రోమా పౌనుల యెత్తు, అనగా ఇంచుమించు 33 కిలోలు, మోయించుకొని వచ్చెను. అరిమతయియ యోసేపుతో కూడి ప్రభువు దేహమును సమాధి చేసెను. ఎత్తబడిన సర్పమునుగూర్చి ఆ రాత్రి విన్న మాట, స్తంభముమీద నెత్తబడిన వానిని చూచినప్పుడు అతనికి బోధపడియుండును.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు నీకొదేమువలె రాత్రివేళ, అనగా ఎవ్వరికిని తెలియకుండ, ఈ సంగతుల నాలోచించుచున్నారు. ఇంటివా రేమందురో, స్నేహితులు నవ్వుదురేమో యని జంకుచున్నారు. రాత్రివేళ వచ్చిన వానిని ప్రభువు త్రోసివేయలేదు. ఆ యనుభవము మీకును కలుగును. ప్రశ్నలు కలవారు ప్రశ్నలతోనే రండు. అయితే వాయిదా వేయుట నమ్రత యని భ్రమపడకుడు. విషము వాయిదా యెరుగదు. పొలమునకు అదను దాటిన పిమ్మట విత్తిన విత్తనము పంట నీయదు. పాఠశాల విడిచి పోవుదినమున మీరు ఏ తరగతిలో ఉత్తీర్ణులైతిరో ధ్రువపత్రము చెప్పును. ఈ పాఠమును మీరేమి చేసితిరో దానిలో వ్రాయబడదు. అది వేరొక గ్రంథమున వ్రాయబడుచున్నది.

అభ్యాస ప్రశ్నలు

1. జ్ఞానము, సమ్మతి, విశ్వాసము వీనికి గల భేదమును మీ స్వంత దృష్టాంతముతో వివరింపుడు.

2. ఇత్తడి సర్పము చరిత్రనుబట్టి, నమ్మనివానికి కలుగు నాశనమునకు కారణ మేమి?

3. సందేహము, తెలియమి, నిరాకరణము: వీనిలో నీ స్థితి యేది? నీవు నీకే ఉత్తర మిచ్చుకొనుము, వ్రాసి చూపనక్కరలేదు.

4. కొర్నేలి చరిత్రయు నీకొదేము చరిత్రయు పోల్చి, సద్వర్తనమునుగూర్చి అవి నేర్పు పాఠమును వ్రాయుడు.

5. ఇతరుల నిత్యగతినిగూర్చి అడిగిన వారిని ప్రభువు ఏ ప్రశ్నవైపు త్రిప్పెను? ఏల?